బిడ్డ కాగితంలోని మాటలు: ప్రత్యేక అవసరాల పిల్లల తల్లిదండ్రులకు ఒక పాఠం



ఏటా ఈ సంచికలో మీరిచ్చిన విరాళాలు ఏ పనికి ఎంత ఖర్చయ్యాయో చదువుతున్నారు. ఈసారి ఒక పాఠం కూడా రాయమని సొసైటీ పెద్దలు నన్ను అడిగారు. నేను టీచరును కాను, డాక్టరును అసలే కాను. మేడ్చల్‌లో ఉండే ఒక తల్లిని. మా చిన్నబ్బాయి కారణంగా కొన్ని మాటలు నేర్చుకోవలసి వచ్చింది. ఆలస్యంగా నేర్చుకున్నాను. ఆ ఆలస్యం వల్ల నష్టపోయింది మా బాబే. ఇంకో ఇంట్లో అలా జరగకూడదని ఇది రాస్తున్నాను.

బాబుకు మూడేళ్ళు నిండినా రెండు మూడు మాటలకు మించి రాలేదు. పేరు పెట్టి పిలిచినా ఒక్కోసారి తిరిగి చూసేవాడు కాదు. ఒక ఆసుపత్రికి తీసుకువెళ్ళాం. చీటీ మీద మూడు ఇంగ్లీషు అక్షరాలు రాసిచ్చారు: జీడీడీ. గ్లోబల్ డెవలప్‌మెంటల్ డిలే అన్నారు. డిలే అంటే ఆలస్యం అని మా ఆయనకు తెలుసు. మేడ్చల్ స్టేషన్లో రైలు డిలే అంటే కాస్త ఆగితే వస్తుందనే కదా! మేమూ అలాగే అనుకున్నాం. "మగపిల్లలకు మాటలు ఆలస్యంగానే వస్తాయి. వీళ్ళ అబ్బాకూ నాలుగేళ్ళు దాటాకే వచ్చాయి" అని మా అత్తమ్మ ధైర్యం చెప్పింది. ఆ చీటీని బీరువాలో బట్టల కింద పెట్టాం. మూడేళ్ళు దాన్ని తీయలేదు.

ఆ మాటకు గడువు ఉంటుందని మాకు తెలియదు. జీడీడీ అనేది అయిదేళ్ళ లోపు పిల్లలకు రాసే మాట. నడక, మాట, ఆట, అర్థం చేసుకోవడం, ఇలా ఒకటికి మించిన విషయాల్లో బిడ్డ వయసుకు తగ్గట్టు లేడని, కారణం ఇదీ అని ఇప్పుడే తేల్చడం కష్టమని, శిక్షణ మాత్రం వెంటనే మొదలుపెట్టి కొంత కాలానికి మళ్ళీ పరీక్ష చేయించాలని దాని అర్థం. మేము "ఆగండి" అని చదువుకున్నాం. నిజానికి ఆ మాట చెప్పింది "ఇప్పుడే మొదలుపెట్టండి" అని. మూడేళ్ళ తరువాత ఒకటో తరగతిలో బాబు బెంచీ మీద కూర్చోవడం లేదని బడి నుంచి కబురు వచ్చినప్పుడు గాని ఆ చీటీ బయటికి రాలేదు. అప్పటికి బాబుకు ఆరేళ్ళు నిండాయి.

మాటకు మూడు ప్రశ్నలు

ఇప్పుడు ఏ తల్లి అయినా ఫైలు పట్టుకొని నా దగ్గరకు వస్తే, అందులోని ప్రతి పెద్ద మాటకూ మూడు ప్రశ్నలు వేసుకోమంటాను. ఈ మాట ఎవరు రాశారు? ఏ పని కోసం రాశారు? ఎప్పటి వరకు చెల్లుతుంది?

ఒకే బిడ్డకు మూడు చోట్ల మూడు రకాల మాటలు రాస్తారు. వైద్యులు రాసేది బిడ్డ ఇబ్బంది ఏమిటో చెబుతుంది. సర్టిఫికెట్ మీద రాసేది చట్ట ప్రకారం బిడ్డకు ఏమి రావాలో చెబుతుంది. బడి రాసేది బిడ్డకు ఏమి నేర్పాలో, ఎలా నేర్పాలో చెప్పాలి. చాలామంది తల్లిదండ్రులు ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకుంటారు. సర్టిఫికెట్ వచ్చింది కదా, ఇక బడిలో వాళ్ళే చూసుకుంటారని అనుకునేవారు కొందరు. డాక్టరు చీటీ ఉంది కదా, పింఛను వస్తుందని ఎదురు చూసేవారు కొందరు. ఏ కాగితం పని ఆ కాగితానిదే.

వైద్యుల మాటలు

మాట రాని బిడ్డకు మొట్టమొదట చేయించాల్సింది వినికిడి పరీక్ష. వినపడని బిడ్డ కూడా పిలిస్తే పలకడు, మాటలు నేర్వడు. బుద్ధిలో ఏ లోపమూ లేకపోయినా మందబుద్ధి అని ముద్ర పడుతుంది. ఈ పరీక్షకు మనం దూరం వెళ్ళనక్కరలేదు. బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా చేసిన అలీ యావర్ జంగ్ గారి పేరే ఆ సంస్థకు పెట్టారు. 1983లో ముంబైలో మొదలైన ఈ సంస్థ వినికిడి, మాట సమస్యల కోసమే పనిచేస్తుంది.

ఇంటలెక్చువల్ డిసేబిలిటీ అంటే బుద్ధి వికాసంలో లోపం. పాత కాగితాల్లో దీన్నే మెంటల్ రిటార్డేషన్ అని రాసేవారు, తెలుగులో బుద్ధిమాంద్యం అంటారు. ఇది జబ్బు కాదు, మందులతో పోదు. శిక్షణతో బిడ్డ చాలా నేర్చుకుంటాడు. దీన్ని ఐక్యూ ఒక్కదానితోనే తేల్చరు. అన్నం తినడం, బట్టలు వేసుకోవడం, రోడ్డు దాటడం, కొట్టుకు వెళ్ళి సరుకు తేవడం వంటి రోజువారీ పనులు వయసుకు తగ్గట్టు చేస్తున్నాడా అని తల్లిని అడిగి రాసుకుంటారు. ఇక్కడే మనం పొరపాటు చేస్తాం. నలుగురిలో బిడ్డను తక్కువ చేయడం ఇష్టం లేక "అన్నీ వాడే చేసుకుంటాడండీ" అంటాం. నేనూ అలాగే చెప్పాను. చొక్కా బొత్తాలు తనే పెట్టుకుంటాడన్నాను. రోజూ పెట్టేది నేను. ఆ ఒక్క అబద్ధం వల్ల ఎవరి పరువూ నిలబడలేదు, బాబు అవసరం మాత్రం కాగితంలో తగ్గిపోయింది.

ఆటిజం అంటే మాట, చూపు, నలుగురితో మెలిగే తీరు, ఆట వేరుగా ఉండటం. ఒకే పని మళ్ళీ మళ్ళీ చేయడం, కొన్ని శబ్దాలు భరించలేకపోవడం కూడా ఉంటాయి. స్పెక్ట్రమ్ అనే మాట ఎందుకు కలుపుతారంటే ఏ ఇద్దరు పిల్లల్లోనూ ఇది ఒకేలా ఉండదు. ఒకరికి మాటలే రావు, ఒకరు ధారాళంగా మాట్లాడతారు గాని ఎదుటివారి మనసు గ్రహించలేరు. మన దేశంలో ఆటిజం తీవ్రతను కొలవడానికి వాడే ఐశా అనే కొలమానంలో 40 అంశాలు ఉంటాయి. దాన్ని తయారుచేసింది మన మనోవికాస్ నగర్‌లోనే. 1984లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థగా అక్కడ మొదలై, తరువాత పేరు మార్చుకున్న నీపిడ్ ఆ పని చేసింది. మేడ్చల్ నుంచి సికింద్రాబాద్ వెళ్ళే బస్సులో రోజూ ఆ దారినే వెళుతూ ఆ సంస్థ ఎందుకుందో తెలియని వాళ్ళం మనలో ఎందరో ఉన్నాం.

స్పెసిఫిక్ లెర్నింగ్ డిసేబిలిటీ వేరు. ఇందులో బుద్ధి మామూలుగానే ఉంటుంది. చదవడంలో ఇబ్బంది ఉంటే డిస్‌లెక్సియా, రాయడంలో ఉంటే డిస్‌గ్రాఫియా, లెక్కల్లో ఉంటే డిస్‌కాల్‌క్యులియా అంటారు. 2007లో వచ్చిన తారే జమీన్ పర్ సినిమాలోని పిల్లవాడి సమస్య ఇదే. దీనికి సర్టిఫికెట్ ఎనిమిదేళ్ళు నిండిన పిల్లలకే ఇస్తారు. అంతకన్నా చిన్న బిడ్డకు ఇవ్వలేదంటే ఇబ్బంది లేదని అర్థం కాదు. సాయం మాత్రం ముందే మొదలుపెట్టవచ్చు, పెట్టాలి.

ఏడీహెచ్‌డీ అంటే నిలకడ లేకపోవడం, ధ్యాస నిలవకపోవడం, ఆలోచించకుండా దూకుడుగా ఏదో ఒకటి చేసేయడం. డాక్టర్లు గుర్తించే సమస్యే అయినా వికలాంగుల చట్టంలోని జాబితాలో దీని పేరు లేదు. కాబట్టి ఈ ఒక్క మాట మీద సర్టిఫికెట్ రాదు. ఆఫీసుల చుట్టూ తిరిగి అలసిపోయే ముందు ఇది తెలుసుకోవాలి.

స్లో లర్నర్ అనే మాట బడుల్లో ఎక్కువగా వింటాం. నిపుణులు దీన్ని ఐక్యూ 70 నుంచి 85 లోపు ఉన్న పిల్లలకు వాడతారు. బడుల్లో మాత్రం వెనుకబడిన ప్రతి బిడ్డకూ వాడేస్తున్నారు. మా బాబు డైరీలో కూడా ఒక బడి వాళ్ళు ఇదే రాశారు. ఏ పరీక్ష చేసి రాశారని అడిగితే జవాబు లేదు. డైరీలో ఈ మాట కనిపిస్తే బాధపడి ఊరుకోకండి. కళ్ళు, చెవులు, చదువు తీరు పరీక్ష చేయించండి. కళ్ళజోడు పెట్టగానే చదువు బాగుపడ్డ పిల్లలూ ఉన్నారు.

సెరిబ్రల్ పాల్సీ అంటే మెదడుకు కలిగిన దెబ్బ వల్ల కండరాల మీద పట్టు లేకపోవడం. నడక, చేతి పట్టు, మాట దెబ్బతింటాయి. చొంగ కారుతుంది, మాట ముద్దగా వస్తుంది. చూసినవారు బుద్ధి లేదనుకుంటారు. ఈ పిల్లల్లో చురుకైన బుద్ధి ఉన్నవారు ఎందరో ఉంటారు.

ఇంటి భాష చెప్పండి

ఇది మన ఇళ్ళకు ముఖ్యమైన విషయం. మన ఇళ్ళలో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. మొదటిసారి బాబును పరీక్షించినప్పుడు బొమ్మలు చూపించి తెలుగులో, ఇంగ్లీషులో పేర్లు అడిగారు. పిల్లి బొమ్మ చూసి బాబు ఊరుకున్నాడు. సున్నా పడింది. రెండోసారి వేరే చోట, ఇంట్లో ఏం మాట్లాడతారమ్మా అని ముందుగా అడిగారు. అదే బొమ్మ చూపించి ఉర్దూలో అడగమని నాకే చెప్పారు. బాబు వెంటనే "బిల్లీ" అన్నాడు. ఆ రోజు నాకు ఏడుపు ఆగలేదు.

అందుకే పరీక్షకు వెళ్ళినప్పుడు ఇంటి భాష ఏదో మొదటే చెప్పండి, కాగితంలో రాయించండి. ఇంట్లో రెండు భాషలు మాట్లాడటం వల్లనే బిడ్డకు మాటలు రాలేదని ఎవరైనా అంటే నమ్మకండి. రెండు భాషల వల్ల ఆటిజం రాదు, బుద్ధి మందగించదు. దాదీతో, నానీతో మాట్లాడే భాషను బిడ్డ దగ్గర నుంచి తీసేస్తే ఇంట్లో వాడికి ఉన్న కాస్త తోడూ పోతుంది.

చట్టం మాటలు

1995 నాటి వికలాంగుల చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి. ఆటిజం, డిస్‌లెక్సియా పేర్లు అందులో లేవు. 2016 చట్టంలో వాటిని 21కి పెంచారు. ఇది 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. ఈ చట్టానికి మన షామీర్‌పేటతో సంబంధం ఉంది. కేంద్ర ప్రభుత్వం 2010లో వేసిన కమిటీకి న్యాయ సలహా ఇచ్చింది నల్సార్ లా యూనివర్సిటీలో ప్రొఫెసర్ అమితా ధండా నడిపిన వికలాంగుల అధ్యయన కేంద్రమే. ఆ కమిటీ 2011లో మొదటి ముసాయిదాను సమర్పించింది. తరువాత అందులో మార్పులు ఎన్నో జరిగాయి. అయినా మన ఊళ్ళ మధ్య కూర్చొని ఆలోచించిన చట్టం మన పిల్లలకు తెలియకుండా పోకూడదు.

బెంచ్‌మార్క్ డిసేబిలిటీ అంటే వైకల్యం 40 శాతం, అంతకు మించి ఉందని సర్టిఫికెట్ ఇవ్వడం. ఈ శాతం మీద మనలో పెద్ద అపోహ ఉంది. 75 శాతం అని రాస్తే బిడ్డలో 25 శాతమే మిగిలిందని గుండె పగిలే తల్లులను చూశాను. అది బిడ్డ తెలివికి మార్కులు కాదు. ప్రభుత్వం సాయం పంచడానికి పెట్టుకున్న కొలత మాత్రమే. బిడ్డ రేపు ఏం నేర్చుకోగలడో ఆ అంకె చెప్పదు.

40 శాతం దాటిన పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఇంటి దగ్గరి బడిలో గాని, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గాని ఉచితంగా చదివే హక్కును ఈ చట్టం ఇచ్చింది. మామూలు విద్యాహక్కు చట్టం 14 ఏళ్ళ వరకే వర్తిస్తుంది, ఇది ఇంకో నాలుగేళ్ళు ఎక్కువ. ప్రభుత్వ బడులే కాదు, గుర్తింపు పొందిన ప్రైవేటు బడులు కూడా వైకల్యం ఉందని బిడ్డను చేర్చుకోకుండా ఉండకూడదు. "మా దగ్గర సీట్లు లేవు, వేరే చోట చూసుకోండి" అని నోటితో చెబితే, ఆ మాటే కాగితం మీద రాసివ్వమని మర్యాదగా అడగండి.

యూడీఐడీ కార్డు అంటే దేశమంతా చెల్లే వైకల్య గుర్తింపు కార్డు. ఒకప్పుడు మన దగ్గర సదరం సర్టిఫికెట్ అనేవారు, ఇప్పటికీ జనం నోట ఆ పేరే ఉంది. కార్డు మీద గీత తెలుపైతే 40 శాతం లోపు, పసుపైతే 40 నుంచి 80 లోపు, నీలమైతే 80, ఆపైన. పిల్లల సర్టిఫికెట్ తాత్కాలికం కావచ్చు. గడువు తేదీ చూసుకోండి. గడువు దాటితే పింఛను, రాయితీలు ఆగిపోయే ప్రమాదం ఉంది. తెలంగాణలో వికలాంగుల పింఛను 2023లో 3,016 రూపాయల నుంచి 4,016కు పెరిగింది. కూలి చేసుకునే ఇంటికి అది చిన్న మొత్తం కాదు.

నేషనల్ ట్రస్ట్ అనేది 1999 చట్టంతో ఏర్పడింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించిన వైకల్యాలు ఉన్నవారి కోసం ఇది పనిచేస్తుంది. ఆ చట్టంలో ఇప్పటికీ పాత మాటలే కనిపిస్తాయి, కంగారుపడకండి. దీని కింద నిరామయ అనే ఆరోగ్య బీమా ఉంది. ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది, థెరపీ ఖర్చులకు కూడా కొంత ఇస్తారు.

లీగల్ గార్డియన్ అనే మాట పిల్లలు పెద్దవుతున్న ఇళ్ళవారు తెలుసుకోవాలి. 18 ఏళ్ళు నిండితే చట్టం దృష్టిలో బిడ్డ పెద్దవాడు. తనకు తాను నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉన్నా, తల్లి సంతకం అన్ని చోట్లా చెల్లకపోవచ్చు. అప్పుడు కలెక్టర్ గారి ఆధ్వర్యంలోని స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. మన జిల్లా కలెక్టరేట్ షామీర్‌పేట మండలం అంతాయిపల్లిలోనే ఉంది. "నా తరువాత వీడిని ఎవరు చూస్తారు?" అని రాత్రుళ్ళు నిద్ర పట్టని తల్లిదండ్రులు మొదట వేయాల్సిన అడుగు ఇది.

బడి మాటలు

సీడబ్ల్యూఎస్‌ఎన్ అంటే ప్రత్యేక అవసరాలు గల బిడ్డ. బడి రికార్డుల్లో మీ బిడ్డ పేరు ఎదుట ఇది నమోదైతేనే సమగ్ర శిక్షా కింద వచ్చే ఉపకరణాలు, రవాణా భత్యం వంటివి అందుతాయి. "రికార్డులో రాస్తే పరువు పోతుంది, రేపు చెల్లెలి పెళ్ళికి అడ్డం వస్తుంది" అని రాయించని ఇళ్ళు నాకు తెలుసు. పరువు సంగతి ఏమో గాని, బిడ్డకు రావాల్సింది మాత్రం రాకుండా పోతుంది.

ఇన్‌క్లూజివ్ ఎడ్యుకేషన్, సమ్మిళిత విద్య అంటే బిడ్డను మామూలు తరగతిలో కూర్చోబెట్టడం ఒక్కటే కాదు. కూర్చున్న బిడ్డకు పాఠం అందేలా బడి తన పద్ధతి మార్చుకోవడం. వెనుక బెంచీలో మౌనంగా కూర్చున్న బిడ్డ హాజరు పట్టీలో ఉంటాడు, చదువులో ఉండడు.

భవిత కేంద్రాలు సమగ్ర శిక్షా కింద మండలాల్లో నడుస్తున్నాయి. ప్రత్యేక శిక్షణ పొందిన రిసోర్స్ పర్సన్లు అక్కడ పిల్లలకు నేర్పుతారు, ఫిజియోథెరపీ ఉంటుంది. మంచం దిగలేని పిల్లలకు ఇంటికే వచ్చి నేర్పే పద్ధతీ ఉంది. మీ మండల కేంద్రం వివరాలు మండల విద్యాధికారి కార్యాలయంలో అడగండి.

ఐఈపీ అంటే ఒక్కో బిడ్డకు విడిగా రాసే విద్యా ప్రణాళిక. నా లెక్కన ఫైలులో అన్నిటికన్నా విలువైన కాగితం ఇదే, మనం అడగనిదీ ఇదే. "బాబు బాగా చదవాలి" అని రాస్తే అది ప్రణాళిక కాదు. "మూడు నెలల్లో 1 నుంచి 10 వరకు వస్తువులు లెక్కపెట్టి ఇవ్వగలగాలి, వారానికి మూడు రోజులు ఫలానా టీచరు నేర్పాలి, ఇంట్లో తల్లి చెంచాలతో చేయించాలి" అని రాస్తే ప్రణాళిక. ఏమి, ఎవరు, ఎప్పటిలోగా అనే మూడూ అందులో ఉండాలి. సంతకం పెట్టే ముందు చదివి వినిపించమనండి. అర్థం కాకపోతే ఉర్దూలోనో తెలుగులోనో చెప్పమనండి.

స్పెషల్ ఎడ్యుకేటర్ అంటే ఈ పిల్లలకు నేర్పడానికి ప్రత్యేక కోర్సు చదివి, రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన ఉపాధ్యాయులు. స్పీచ్ థెరపిస్టులకు, క్లినికల్ సైకాలజిస్టులకు కూడా ఆ నమోదు నంబరు ఉండాలి. ఫీజు కట్టే ముందు ఆ నంబరు అడగడం అమర్యాద కాదు. ఆటిజం పూర్తిగా నయం చేస్తామని బోర్డు పెట్టిన చోటికి వెళ్ళకండి. ప్రాథమిక స్థాయిలో 10 మంది పిల్లలకు ఒకరు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒకరు చొప్పున ఇలాంటి ఉపాధ్యాయులు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. తెలంగాణలో 2024 డీఎస్సీలో ప్రకటించిన 11,062 పోస్టుల్లో 1,016 ప్రత్యేక విద్యకు సంబంధించినవి. డిగ్రీ చదివిన మన పిల్లలకు ఇది మంచి ఉద్యోగ మార్గం కూడా. ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన స్పెషల్ ఎడ్యుకేటర్ ఒకరుంటే ఎన్ని ఇళ్ళకు మేలో ఆలోచించండి.

స్క్రైబ్ అంటే బిడ్డ చెబితే పరీక్ష రాసిపెట్టే మనిషి. అదనపు సమయం, రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు వంటి సౌకర్యాలను కూడా చట్టం ప్రస్తావించింది. వీటికి పదో తరగతి పరీక్షల ముందు పరుగులు పెడితే లాభం లేదు. తొమ్మిదో తరగతిలోనే హెడ్‌మాస్టరుతో మాట్లాడి కాగితాలు సిద్ధం చేసుకోవాలి.

మన నోటి మాటలు

కాగితాల్లోని మాటలు ఇవి. మన నోటిలోని మాటల సంగతి ఏమిటి? పాగల్, గూంగా, మెంటల్, సైతాన్ పట్టింది, నజర్ తగిలింది. ఫలానా పాపం వల్ల పుట్టాడని తల్లి ముఖం మీదే అనేవారూ ఉన్నారు. దువా చేయండి, తప్పక చేయండి. దానితో పాటు పరీక్ష కూడా చేయించండి.

దివ్య ఖుర్ఆన్‌లోని 80వ సూరా అబస ఏ సందర్భంలో అవతరించిందో మనందరికీ తెలుసు. దైవప్రవక్త (స) ఖురైషు పెద్దలతో మాట్లాడుతుండగా చూపు లేని అబ్దుల్లాహ్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) వచ్చారు. ఆయన దానం అడగడానికి రాలేదు. నేర్చుకోవడానికి వచ్చారు. ఆ నేర్చుకునే కోరికను పక్కన పెట్టవద్దని అల్లాహ్ తన ప్రవక్తకే బోధించాడు. తరువాత ఆయన మదీనాలో ముఅజ్జిన్ అయ్యారు. ప్రవక్త (స) ప్రయాణాలకు వెళ్ళినప్పుడు మదీనా బాధ్యతలు కూడా ఆయనకు అప్పగించారు. మన పిల్లలు కూడా మన ముందుకు వస్తున్నది ఖైరాత్ కోసం కాదు, నేర్చుకోవడం కోసం.

దాతలకు విన్నపం

మీరు వీల్‌చైర్లు ఇచ్చారు, రంజాన్‌లో రేషన్ ఇచ్చారు. అల్లాహ్ మీకు మంచి ప్రతిఫలం ఇవ్వాలి. ఇంకొన్ని అవసరాలు ఉన్నాయి, అవి ఫొటోలో కనిపించవు.

మొదటిది తోడు. ఒక్క సర్టిఫికెట్ పని మీద మా ఆయన ఆరు రోజులు ఆటో తీయలేదు. మేమిద్దరం చదువుకున్నవాళ్ళం కాబట్టి తట్టుకున్నాం. షామీర్‌పేట వైపు పల్లెల్లో, ఇటు మేడ్చల్ ఫ్యాక్టరీల చుట్టుపక్కల బస్తీల్లో ఉన్న తల్లులు ఒకసారి వెళ్ళి, ఏదో కాగితం లేదని వెనక్కి పంపితే మళ్ళీ వెళ్ళరు. కాగితం చదవగలిగిన ఒక మనిషిని నెల జీతం మీద పెట్టి, ఆ తల్లుల వెంట పంపగలిగితే ఎంతో మేలు.

రెండోది బస్సు ఛార్జీ, పోయిన ఆ రోజు కూలి. థెరపీ ఉచితంగా దొరికే చోటికి కూడా వెళ్ళలేకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

మూడోది నెలనెలా సాయం. థెరపీ ఒక్కసారి చేయించి వదిలేసేది కాదు. పది మంది పిల్లలకు ఒక నెల ఇచ్చేకన్నా ఇద్దరికి ఏడాది పాటు ఇవ్వడం మేలు. ఇందులో జకాత్ ఎంతవరకు వాడవచ్చో, సదఖా ఎక్కడ వాడాలో ఉలమాలను అడిగి నిర్ణయించండి.

నాలుగోది మక్తబ్‌లో చోటు. మన పిల్లలు కూడా కలిమా నేర్చుకోవాలి. అల్లరి చేస్తున్నాడని ఇంటికి పంపకుండా, వేరుగా ఒక పావుగంట కేటాయించే ఉస్తాద్ ఉంటే చాలు.

అయిదోది అన్నిటికన్నా తేలిక, దానికి డబ్బు కూడా అక్కరలేదు. దావత్‌కు పిలిచినప్పుడు ఆ బిడ్డను కూడా తీసుకురమ్మని చెప్పండి.

మా బాబుకు ఇప్పుడు పదకొండేళ్ళు. ఆసుపత్రి ఫైలులో ఆటిజం అని ఉంది. సర్టిఫికెట్ మీద ఒక శాతం ఉంది. బడి రికార్డులో సీడబ్ల్యూఎస్‌ఎన్ అని ఉంది. గత ఏడాది ఐఈపీలో "కొట్టుకు వెళ్ళి ఒక వస్తువు అడిగి తేవాలి" అని రాయించాం. ఎనిమిది నెలలు పట్టింది. మొన్న శుక్రవారం వీధి చివరి కొట్టు నుంచి పాల ప్యాకెట్, మిగిలిన చిల్లర తెచ్చి నా చేతిలో పెట్టాడు. పోయిన మూడేళ్ళు తిరిగి రావని నాకు తెలుసు. మీ వీధిలో ఏ ఇంట్లోనైనా బీరువాలో ఒక చీటీ మడతపెట్టి ఉంటే, దాన్ని ఈ రోజే బయటికి తీయించండి. పక్కన కూర్చొని ఆ తల్లితో కలిసి చదవండి.

అల్లాహ్ మన పిల్లలందరికీ మేలు చేయాలి, మీ సంపాదనలో బర్కత్ ఇవ్వాలి. ఆమీన్.